నీళ్లు 98 దగ్గరే మరుగుతున్నాయి, థర్మామీటర్ తిప్పి పంపేయాలా?

నల్లకుంట_నాన్న (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మా వాడు ఏడో తరగతి. సైన్స్ ప్రాజెక్టు కోసం ఆన్‌లైన్‌లో డిజిటల్ థర్మామీటర్ తెప్పించాను. స్టీలు పుల్ల ఉంటుంది చూడండి, వంటకి వాడే రకం. నీళ్లు సలసల కాగుతున్నప్పుడు పుల్ల ముంచితే 98.1 చూపించి అక్కడే ఆగిపోయింది. మంట ఎంత పెంచినా 98.2 దాటడం లేదు. "పుస్తకంలో 100 అని ఉంది, మనది పాడైంది నాన్నా" అంటున్నాడు వాడు. వాపసు గడువు ఎల్లుండితో అయిపోతుంది. పంపేయనా, ఉంచుకోనా?

ఉప్పుగాలి (విశాఖపట్నం)
నా దగ్గరా అలాంటిదే ఉంది. మీ పోస్టు చూసి ఇప్పుడే నీళ్లు పెట్టాను. 99.8 వచ్చింది. మా ఇల్లు బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరం. మీది పాడైనట్టే ఉంది, పంపేయండి.

పెద్దమంట (గుంటూరు)
రెండు డిగ్రీల కోసం ఇంత టెన్షనా సార్. చవక సామాను అంతే.

రిటైర్డ్_మాస్టారు (నరసరావుపేట)
బాబూ, పంపకండి. మీ థర్మామీటర్ నిజమే చెబుతోంది. విశాఖ ఆయనదీ నిజమే చెబుతోంది.

నీళ్లలోంచి అణువులు ఆవిరై బయటపడాలని ఎప్పుడూ చూస్తూనే ఉంటాయి. వేడెక్కే కొద్దీ ఆ ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. బాష్పపీడనం అంటే అదే. పైనుంచి గాలి నొక్కుతూ ఉంటుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగ నలిగిపోకుండా నిలబడి పైకి రావాలంటే, దాని లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సమానం కావాలి. రద్దీ బస్సు తలుపు దగ్గర దిగేవాళ్ల బలం ఎక్కేవాళ్ల బలంతో సరితూగితే తప్ప ఎవరూ దిగలేరు కదా, అలాగన్నమాట. ఆ సమానమైన క్షణాన ఉన్న ఉష్ణోగ్రతే మరుగు స్థానం.

సముద్రమట్టంలో గాలి పీడనం సుమారు 1013 హెక్టోపాస్కల్స్. అక్కడ 100 దగ్గర మరుగుతాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మీ నెత్తి మీద గాలి అంత మేర తక్కువ. పీడనం 950 చుట్టుపక్కల ఉంటుంది. ఆ పీడనానికి లెక్క కడితే 98.2 వస్తుంది. మీ పుల్ల చెప్పింది కూడా అదే.

గుర్తుపెట్టుకోవడానికి, దాదాపు ప్రతి 300 మీటర్ల ఎత్తుకి ఒక డిగ్రీ తగ్గుతుంది. పాఠ్యపుస్తకం "సాధారణ వాతావరణ పీడనం వద్ద" అనే ముక్క రాస్తుంది. పిల్లలు ఆ ముక్క వదిలేసి 100 ఒక్కటే బట్టీ పడతారు. పరీక్షలో కూడా దానికి పూర్తి మార్కులు వేసేస్తాం, అది వేరే సంగతి.

నల్లకుంట_నాన్న
మాస్టారూ, ధన్యవాదాలు. కానీ ఒక్క సందేహం. ఫోన్‌లో వాతావరణం యాప్ తీసి చూస్తే హైదరాబాద్ పీడనం 1009 అని ఉంది. 950 కాదు. దాని ప్రకారమైతే 99.9 దగ్గర మరగాలి కదా?

గాలిమర (బెంగళూరు)
ఈ యాప్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. యాప్‌లో చూపించేది మీ ఇంటి దగ్గరి అసలు పీడనం కాదు. అక్కడ కొలిచినదాన్ని "ఇదే చోటు సముద్రమట్టంలో ఉంటే ఎంత ఉండేది" అని సవరించి వేస్తారు. అలా చేయకపోతే వాతావరణ పటంలో దక్కన్ పీఠభూమి మొత్తం ఏడాది పొడవునా అల్పపీడనంలా కనిపిస్తుంది. హిమాలయాలైతే ఏకంగా తుపాను! ఊళ్ల ఎత్తుల తేడా తీసేస్తేనే నిజమైన అల్పపీడనం ఎక్కడుందో తెలుస్తుంది.

నీళ్లకి ఈ సవరింపులతో పనిలేదు. వాటిని నొక్కుతున్న గాలి ఎంతో అంతే. చాలా ఫోన్లలో పీడనం కొలిచే సెన్సార్ ఉంటుంది, దాని రీడింగ్ సవరించకుండా చూపించే యాప్ వేసి చూడండి. మా బెంగళూరులో 910 చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ 920 మీటర్ల ఎత్తు, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి.

నల్లకుంట_నాన్న
వేశాను. 949 చూపిస్తోంది. మా వాడు ఎగిరి గంతేశాడు. ఇప్పుడు ప్రాజెక్టు పేరు కూడా మార్చేస్తానంటున్నాడు.

ఉప్పుగాలి
అయితే తుపాను వచ్చినప్పుడు మా దగ్గర కూడా తగ్గుతుందా?

గాలిమర
తగ్గుతుంది. పీడనం 10 హెక్టోపాస్కల్స్ పడితే మరుగు స్థానం 0.28 డిగ్రీలు పడుతుంది. మామూలు రోజుల్లో ఆ తేడా మీ పుల్లకి అందదు. 1999లో ఒడిశా తీరం దాటిన సూపర్ సైక్లోన్ కేంద్రంలో పీడనం 912కి పడిపోయిందని అంచనా. అంటే ఆ సమయంలో ఆ కేంద్రంలో సముద్రపు ఒడ్డునే నీళ్లు 97 దగ్గర మరిగేవి. ఆ గాలిలో పొయ్యి వెలిగించేది ఎవరన్నది వేరే ప్రశ్న.

ఫార్మా_పాప (కూకట్‌పల్లి)
నేను మందుల కంపెనీలో క్వాలిటీ చూస్తాను కాబట్టి ఒక మాట. థర్మామీటర్ సరైనదో కాదో తేల్చడానికి మరిగే నీళ్ల కంటే ఐసు మేలు. ఫ్రిజ్‌లో ఐసు తీసి బాగా పొడి చేయండి. గ్లాసు నిండా ఆ పొడి వేసి, సందులు నిండేంత వరకే చల్లటి నీళ్లు పోయండి. రెండు మూడు నిమిషాలు కలిపి, పుల్ల మధ్యలో ఉంచండి, అడుగుకి తగలనివ్వకండి. 0 చూపించాలి. ఐసు కరిగే ఉష్ణోగ్రత పీడనంతో దాదాపు కదలదు. వాతావరణ పీడనం అంతటికీ కలిపి తేడా 0.0075 డిగ్రీ మాత్రమే. అందుకే నల్లకుంటలోనైనా లేహ్‌లోనైనా ఐసు పరీక్ష ఒకటే.

ఐసులో నీళ్లు ఎక్కువ పోస్తే మాత్రం అడుగున నీరు 2, 3 డిగ్రీలు ఎక్కువ ఉండిపోతుంది, జాగ్రత్త.

మరిగే నీళ్లలో కూడా పుల్ల గిన్నె అడుగుకి ఆనకూడదు. అడుగు లోహం నీటి కంటే వేడిగా ఉంటుంది.

పెద్దమంట
ఇంత సైన్స్ వద్దు గానీ, నేనైతే పెద్ద మంట మీద పెడతాను. ఎంత మంట ఉంటే అంత వేడి, అంత త్వరగా ఉడుకుతుంది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

రిటైర్డ్_మాస్టారు
ఎసరు మరిగే వరకూ మీ మాట నిజం, పెద్ద మంట మీద త్వరగా మరుగుతుంది. మరగడం మొదలయ్యాక కాదు. నల్లకుంట ఆయన మంట పెంచినా 98.2 దాటలేదన్నారు చూడండి. అప్పటినుంచి వెళ్లే వేడంతా ఆవిరి కావడానికే ఖర్చవుతుంది, ఉష్ణోగ్రత పెరగదు. దీన్నే గుప్తోష్ణం అన్నాం. 1760 దశకం మొదట్లో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన దీన్ని పట్టుకున్నాడు.

లెక్క చూడండి. లీటరు నీళ్లని ఇంటి వేడి 28 నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 300 కిలోజౌళ్లు. ఆ మరిగే లీటరుని పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 2260. ఏడు రెట్ల పైమాటే! పెద్ద మంట మీద కుతకుతలాడించినప్పుడు మీ గ్యాసు వెళ్లేది ఆ రెండో ఖాతాలోకి. బియ్యానికి అందే ఉష్ణోగ్రత సన్న మంట మీదైనా అంతే.

పెద్దమంట
లెక్కలు బాగున్నాయి మాస్టారూ. మా పొయ్యి మీద మాత్రం పెద్ద మంటకే త్వరగా అవుతుంది.

అరిసెల_అత్తయ్య (తణుకు)
మూత పెట్టి చూడు నాయనా. అప్పుడు చెప్పు.

నేను వచ్చింది వేరే పని మీద. ఆ థర్మామీటర్ ప్రాజెక్టు అయ్యాక వాళ్లమ్మకి ఇవ్వండి, పాకానికి అంతకంటే మంచి వస్తువు లేదు. నీళ్లలో చక్కెర కలిస్తే మరిగే వేడి పెరుగుతుంది. మరిగే కొద్దీ నీళ్లు పోతాయి, పాకం చిక్కబడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే పాకంలో డిగ్రీలు చూస్తే చాలు, లోపల నీళ్లు ఎన్ని మిగిలాయో తెలిసిపోతుంది. తీగపాకం 106 నుంచి 112 మధ్య. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టేది 112, 116 మధ్య. పల్లీ పట్టీకి పెళుసు పాకం కావాలంటే 146 దాటాలి. బెల్లంలో మలినాలుంటాయి కాబట్టి అంకెలు కాస్త అటూ ఇటూ. అరిసెలకి నేను ఇప్పటికీ పళ్లెంలో నీళ్లే చూస్తాను, కోడలు మాత్రం పుల్ల పెడుతుంది. ఇద్దరిదీ ఒకేసారి కుదురుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ అంకెలు మా తణుకు లాంటి పల్లపు ఊళ్లకి. హైదరాబాద్‌లో అయితే రెండేసి తగ్గించుకోవాలి. లేకపోతే అరిసెలు రాళ్లవుతాయి.

సందేహాల_సంచి (కరీంనగర్)
అత్తయ్య గారూ, అయితే ఉప్పు వేస్తే కూడా పెరుగుతది కదా? పప్పులో ముందే ఉప్పేస్తే వేడి పెరిగి త్వరగా ఉడకాలి.

ఫార్మా_పాప
పెరుగుతుంది, కానీ ఎంత? లీటరుకి ఒక టీస్పూన్ ఉప్పు, అంటే 6 గ్రాములు వేస్తే 0.1 డిగ్రీ. ఒక్క డిగ్రీ పెరగాలంటే దాదాపు 58 గ్రాములు వేయాలి. ఆ పప్పు మీరు తినలేరు. పాకంలో తేడా పెద్దగా ఉండేది అందులో చక్కెర నీళ్ల కంటే ఎక్కువ కాబట్టి.

హవల్దార్_అప్పన్న (శ్రీకాకుళం)
నేను ఫౌజులో ఉన్నప్పుడు లేహ్‌లో పనిచేశాను. మాస్టారు చెప్పినదంతా అక్కడ కళ్లారా చూస్తారు. లేహ్ 3500 మీటర్లు. నీళ్లు 88కే మరుగుతాయి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "ఎంత తొందరగా మరిగిందో" అని సంబరపడేవారు. తర్వాత శనగలు వేసి కూర్చుంటే పొద్దు వాలిపోయేది. నీళ్లు గలగలా మరుగుతుంటాయి, గింజ మాత్రం రాయిలా ఉంటుంది. టీ రంగు దిగదు. అన్నం పైకి ఉడికినట్టే ఉంటుంది, నమిలితే లోపల పలుకు.

కుక్కరు లేకుండా అక్కడ వంటిల్లు నడవదు. సియాచిన్ పైపోస్టుల సంగతి ఇంకా కష్టం. 5500 మీటర్లు దాటితే 82 కూడా రాదు.

సందేహాల_సంచి
ఇక్కడే నాకు అర్థం కాలేదు అన్నా. నీళ్లు త్వరగా మరిగితే తిండి కూడా త్వరగా ఉడకాలి కదా?

హవల్దార్_అప్పన్న
తమ్ముడూ, గింజని ఉడికించేది మరుగు కాదు, వేడి. బుడగలు ఎన్ని వస్తున్నాయో గింజకి తెలియదు, దాని చుట్టూ ఉన్న నీళ్లు ఎన్ని డిగ్రీలో అదే తెలుస్తుంది. 88 అంటే 88.

రిటైర్డ్_మాస్టారు
అప్పన్న గారు చక్కగా చెప్పారు. కాస్త కలుపుతాను. రసాయన చర్యల వేగం సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు సగానికి పడిపోతుందని ఒక కొండగుర్తు. హైదరాబాద్ 98, లేహ్ 88. అందుకని పప్పుకి రెట్టింపు సమయం అనుకోవచ్చు, గింజ గట్టిదైతే అంతకంటే ఎక్కువే. బియ్యంలో పిండిపదార్థం 70 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది కాబట్టి అన్నం ఎలాగో అవుతుంది. పప్పులూ శనగలూ గట్టి గింజలు, అవే మొరాయిస్తాయి.

కుక్కరు గురించి చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కుక్కరు మీది బరువు లోపలి పీడనాన్ని నేరుగా నిర్ణయించదు. బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఉండాలో నిర్ణయిస్తుంది, సుమారు ఒక బార్, అంటే 1000 హెక్టోపాస్కల్స్. విశాఖలో 1 ప్లస్ 1, రెండు బార్లు, లోపల 120 డిగ్రీలు. లేహ్‌లో బయట 0.66 మాత్రమే. కలిపితే 1.66, లోపల 114 చిల్లర. అంటే కుక్కరు కూడా అక్కడ ఐదారు డిగ్రీలు వెనకబడుతుంది. అక్కడ విజిళ్లు ఎక్కువ పెట్టాల్సి వచ్చేది అందుకే.

ఫార్మా_పాప
మా ల్యాబ్‌లో ఆటోక్లేవ్ అన్నది పెద్ద కుక్కరే. 121 డిగ్రీలు, 15 నిమిషాలు. మామూలు మరుగుకి లొంగని సూక్ష్మజీవుల స్పోర్లు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు, కూడా దానికి చస్తాయి.

మోడరేటర్
ఏ కుక్కరు మంచిది, ఏ రబ్బరు త్వరగా పోతుంది అన్న పోస్టులు ఏడెనిమిది వచ్చాయి. వాటిని వంటింటి సామాన్ల విభాగానికి మార్చాను. ఇక్కడ మరుగు సంగతి మాట్లాడుకుందాం.

పటాల_పిచ్చి (డల్లాస్)
కుక్కర్లు పోయాయి కాబట్టి ధైర్యంగా ఒక పాత కథ. నీళ్లు ఎత్తుకి తగ్గట్టు మరుగుతాయంటే, తిప్పి వాడుకోవచ్చు కదా. మరిగే ఉష్ణోగ్రత చూసి ఎత్తు కనుక్కోవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో కొండల ఎత్తు ఇలా కొలిచేవారు. దీన్ని అందరికంటే సాహసంగా వాడింది మనవాడే, నైన్ సింగ్ రావత్.

కుమావూ కొండల్లో మిలం ఊరివాడు, బడిపంతులు. అప్పట్లో టిబెట్‌లోకి విదేశీయులని రానిచ్చేవారు కాదు. బ్రిటిష్ సర్వే అధికారులకి మాత్రం టిబెట్ పటం కావాలి. మాంట్‌గోమరీ అనే అధికారి సరిహద్దు కొండల మనుషులకి డెహ్రాడూన్‌లో శిక్షణ ఇప్పించి, యాత్రికుల వేషంలో పంపాడు. నైన్ సింగ్ 1865లో నేపాల్ మీదుగా బయల్దేరి 1866 జనవరిలో లాసా చేరాడు. చేతిలో జపమాల. అందరి మాలలో 108 పూసలుంటే ఆయనదాంట్లో 100. వంద అడుగులకి ఒక పూస జరిపేవాడు. ప్రార్థన చక్రంలో మంత్రాల కాగితం ఉండాల్సిన చోట కొలతల చీటీలు. పాదరసం గవ్వల్లో. చేతికర్ర బోలుగా ఉంటుంది, థర్మామీటర్ అందులో!

గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఎందుకు తీసుకెళ్లలేదని అడుగుతారేమో. పాదరసం బారోమీటర్ అంటే దాదాపు మీటరు పొడవు గాజు గొట్టం. దాచలేం, పగిలిపోతుంది. టీ కాచుకుంటున్న యాత్రికుణ్ణి ఎవరు అనుమానిస్తారు? కుండలో నీళ్లు మరుగుతుంటే థర్మామీటర్ ముంచి చూసి, రాసుకుని, మళ్లీ కర్రలో పెట్టేయడమే. లాసా సుమారు 3650 మీటర్లు. అక్కడ నీళ్లు 88 లోపే మరుగుతాయి. రీడింగ్ ఒక్క డిగ్రీ తప్పితే ఎత్తు 300 మీటర్లు తప్పుతుంది, పదో వంతు తప్పితే 30 మీటర్లు. వణికే చలిలో, ఎవరైనా చూస్తారేమోనన్న భయంలో, ఆ గీతలు చదవాలి. లాసా ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో బయటి ప్రపంచానికి కొలతలతో తెలిసింది ఈ పంతులు వల్లే. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకి బంగారు పతకం ఇచ్చింది.

నల్లకుంట_నాన్న గారూ, మీ అబ్బాయి చేసింది అచ్చంగా ఇదే లెక్క. 100 లోంచి 98.2 తీసేసి 300తో గుణించమనండి. 540 వస్తుంది. ఇల్లు కదలకుండా హైదరాబాద్ ఎత్తు కొలిచేశాడు.

నల్లకుంట_నాన్న
చదివి వినిపించాను. జపమాల దగ్గర ఆపేసి "మనం కూడా చార్మినార్ దాకా లెక్కపెడదాం" అంటున్నాడు. ఈ ఎండలో!

పుస్తకాల_పురుగు (రాజమండ్రి)
ఎత్తు మీద దుంపలు ఉడకని కథ డార్విన్‌కీ ఉంది. 1835లో ఆండీస్ పర్వతాలు దాటుతుంటే ఆయన వెంట ఉన్నవాళ్లు బంగాళదుంపలు గంటలకొద్దీ మరిగించారు, రాత్రంతా పొయ్యి మీదే ఉంచారు, పొద్దున మళ్లీ మరిగించారు, అయినా ఉడకలేదు. చివరికి తేల్చిందేమంటే కుండ కొత్తది, పాడుది, దానికి దుంపలు ఉడికించడం ఇష్టం లేదని.

సెల్సియస్ గారి సంగతి కూడా ఒక ముక్క. స్వీడన్‌లో ఆయన 1742లో కొలమానం ప్రకటించినప్పుడు నీళ్లు మరిగేది 0, మంచు కరిగేది 100 అని పెట్టాడు. తలకిందులు! 1744లో ఆయన పోయాక తిరగేశారు. అయితే మరుగు గాలి పీడనాన్ని బట్టి మారుతుందని, ఏ పీడనంలో కొలిచామో చెప్పాలని ఆయనకి బాగా తెలుసు. ఇప్పటి కచ్చితమైన కొలమానం ప్రకారం సముద్రమట్టపు ప్రామాణిక పీడనంలో కూడా నీళ్లు సరిగ్గా 100కి మరగవు, 99.97. డిగ్రీ నిర్వచనం ఇప్పుడు మరిగే నీళ్ల మీద ఆధారపడి లేదు. 2019 మే 20 నుంచి దాన్ని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో, అంటే ఉష్ణోగ్రతని అణువుల శక్తితో కలిపే ఒక స్థిరమైన సంఖ్యతో, ముడిపెట్టారు.

అమ్మ_ఆందోళన (కూనూరు)
మేము ఊటీ దగ్గర ఉంటాం, తేయాకు తోటల్లో ఉద్యోగం. మీరంతా అంటున్న లెక్కన మా నీళ్లు 94 దగ్గరే మరుగుతాయి. చిన్నపాప ఉంది. కాచి చల్లార్చిన నీళ్లు ఇక్కడ సరిపోతాయా? భయమేస్తోంది.

ఫార్మా_పాప
సరిపోతాయి అండి, భయపడకండి. నీళ్లలో జబ్బు చేసే క్రిములు చావడానికి 100 అక్కర్లేదు. పాలని 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి పాశ్చరైజ్ చేస్తారు. మరుగు కావాలనేది ఎందుకంటే, థర్మామీటర్ లేని ఇంట్లో కూడా కంటికి కనిపించే గుర్తు అదే కాబట్టి. బాగా తెర్లుతుండగా ఒక నిమిషం ఉంచండి. 2000 మీటర్లు దాటిన చోట్ల మూడు నిమిషాలు మరిగించమని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఊటీ పట్నం 2200 దాటుతుంది, మీ కూనూరు అంతకంటే కింద. మీరు మూడు నిమిషాలు ఉంచినా పోయేదేం లేదు. చల్లారాక మూత పెట్టడం, ముంచే గ్లాసు శుభ్రంగా ఉండడం, వీటి దగ్గరే చాలా ఇళ్లలో తేడా వస్తుంది.

మైక్రోవేవ్‌లో మాత్రం నీళ్లు కాచకండి. నున్నటి కప్పులో బుడగ పుట్టడానికి చోటు దొరకక నీళ్లు మరుగు స్థానం దాటిపోయినా కదలకుండా ఉంటాయి. చెంచా వేయగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. గిన్నెలో స్టవ్ మీదే మేలు.

అమ్మ_ఆందోళన
చాలా థాంక్స్ అండి. ఇప్పుడు స్థిమితంగా ఉంది.

నల్లకుంట_నాన్న
మాస్టారూ, మా వాడి తరఫున ఇంకో ప్రశ్న. జనవరిలో 20 డిగ్రీలు, మే నెలలో 40. మేలో రెట్టింపు వేడి అని రాయొచ్చా?

రిటైర్డ్_మాస్టారు
రాయకూడదు. సెల్సియస్‌లో 0 అంటే వేడి లేకపోవడం కాదు, మంచు కరిగే చోటు, మనం పెట్టుకున్న గుర్తు. అసలు సున్నా మైనస్ 273.15 దగ్గర ఉంది. అక్కడినుంచి లెక్కపెడితే 20 అంటే 293 కెల్విన్లు, 40 అంటే 313. రెట్టింపు కాదు, 7 శాతం ఎక్కువ. ఆ 7 శాతానికే మా పల్నాడులో జనం మధ్యాహ్నం గడప దాటరు.

ఇంకో సంగతి కూడా చేర్పించండి. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణం వేరు. దీపావళికి కాకరపువ్వొత్తి నుంచి రాలే నిప్పురవ్వ 1000 డిగ్రీల పైమాట. చేతి మీద పడితే చురుక్కుమని ఆరిపోతుంది. 60 డిగ్రీల నీళ్ల బకెట్ మీద పడితే ఆసుపత్రే. రవ్వకి ఉష్ణోగ్రత ఎక్కువ, ద్రవ్యరాశి దాదాపు లేదు కాబట్టి ఇచ్చే ఉష్ణం తక్కువ. జ్వరం 102 అంటాం, ఎండ 42 అంటాం, ఒకటి ఫారెన్‌హీట్, ఒకటి సెల్సియస్. మన ఇళ్లలో రెండూ పక్కపక్కనే బతికేస్తున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

బాయిలర్_బాబాయ్ (పాల్వంచ)
మొత్తం చదివాను. అందరూ పైకి ఎక్కి మరుగు తగ్గించే సంగతే మాట్లాడారు. మేం థర్మల్ కేంద్రంలో ఒకే చుట్టులో రెండూ చేస్తాం. పాత రకం యూనిట్ బాయిలర్ డ్రమ్ములో పీడనం 170 బార్లు అనుకోండి, అక్కడ నీళ్లు 352 డిగ్రీలకి గానీ మరగవు. ఆ ఆవిరిని ఇంకా వేడి చేసి 540 దగ్గర టర్బైన్‌కి పంపుతాం. టర్బైన్ అవతల కండెన్సర్‌లో వాక్యూమ్ ఉంటుంది, పీడనం బార్‌లో పదో వంతు. అక్కడ ఆవిరి 46 డిగ్రీల దగ్గర నీరవుతుంది. రెంటచింతల మే నెల ఎండతో సమానం! వాక్యూమ్ కాస్త పడితే మెగావాట్లు తగ్గిపోతాయి, కంట్రోల్ రూమ్‌లో అందరి కళ్లూ దాని మీదే.

ఇది ఇంట్లో చూడాలంటే సూది లేని ప్లాస్టిక్ సిరంజి చాలు. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు, మరిగేవి కాదు, కొంచెం పీల్చండి. లోపలి గాలి బయటికి నెట్టేసి, మూతి గట్టిగా మూసి, పిస్టన్ వెనక్కి లాగండి. చేతికి చలవగా ఉండే గుడ్డ చుట్టుకోండి. మంట లేకుండానే నీళ్లు బుడబుడా మరుగుతాయి. వదిలితే ఆగిపోతాయి. పిల్లాడు ఒక్కడే చేయకూడదు, పక్కన మీరుండాలి.

సందేహాల_సంచి
బాబాయ్, పీడనం పెంచుకుంటూ పోతే మరుగు కూడా అలా పెరుగుతూనే పోతదా?

బాయిలర్_బాబాయ్
పోదు. 221 బార్లు, 374 డిగ్రీలు దాటాక మరుగు అనేదే ఉండదు. నీళ్లకీ ఆవిరికీ మధ్య గీత చెరిగిపోతుంది. మా ఏడో దశ 800 మెగావాట్ల యూనిట్ ఆ రకమే, నెల్లూరు దగ్గర కృష్ణపట్నంలోవీ అంతే. పాత యూనిట్లలో డ్రమ్ము, అందులో నీటిమట్టం, ఆ మట్టం పడిపోతుందేమోనని ఇరవై నాలుగు గంటలూ కాపలా. కొత్తవాటిలో ఆ డ్రమ్మే లేదు. యూనిట్ మొదలుపెట్టేటప్పుడూ, తక్కువ లోడులోనూ నీళ్లని విడదీయడానికి ఒక సెపరేటర్ ఉంటుంది. లోడు పెరిగాక దానికీ పని ఉండదు.

సందేహాల_సంచి
మరి అప్పుడు గొట్టంలో ఉన్నది నీళ్లా, ఆవిరా?

బాయిలర్_బాబాయ్
రెండూ అనలేం. ఒక చివర నీళ్లలా బరువుగా వెళ్లేది ఇంకో చివర ఆవిరిలా పలచగా వస్తుంది. మధ్యలో ఎక్కడా ఒక్క బుడగ కూడా పుట్టదు. నాకు షిఫ్టు టైమైంది, ఇంకేమైనా ఉంటే రాసి పెట్టండి, రాత్రి వచ్చి చూస్తాను.